కన్నీటి దారిలో ట్యూబ్ వేయించుకున్నాక: నెలలు, ఏళ్లు గడిచాక వచ్చే చిక్కులు, చేయాల్సిన పనులు

ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాలు ఎలా ఉండాలో ఆస్పత్రిలోనే చెప్పి పంపుతారు. చుక్కల మందు రోజుకెన్నిసార్లు, ముక్కు ఎప్పటిదాకా చీదకూడదు, కుట్లు ఎప్పుడు తీస్తారు, అన్నీ కాగితం మీద ఉంటాయి. చిక్కంతా ఆ తర్వాతే. నీరు కారడం తగ్గగానే లోపల ఒక వస్తువు ఉందన్న సంగతి మరుగున పడుతుంది. నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, కన్ను ఎర్రబడి పుసులు కడితే కొత్త కండ్ల కలక అనుకుని మెడికల్ షాపు చుక్కలు వేసుకుంటారు. ఆలస్యంగా బయటపడే ఇబ్బందుల్లో చాలావాటిని ముదరనిచ్చేది ఈ మరుపే.

కాబట్టి మొదటి పని, మీ కంట్లో ఏముందో తేల్చుకోవడం. డిశ్చార్జి కాగితం తీసి చూడండి. ఏ కన్ను, ఏ వస్తువు, పై రెప్పలోనా కింది రెప్పలోనా, ఏ తేదీన వేశారు, ఎప్పుడు తీయాలి అన్నవి అందులో ఉండాలి. గాజు ట్యూబ్ అయితే దాని పొడవు, పైన ఉండే అంచు వెడల్పు మిల్లీమీటర్లలో రాసి ఉండాలి. లేకపోతే ఆస్పత్రికి ఫోన్ చేసి రాయించుకోండి. ఆ కాగితాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి. ట్యూబ్ ఊడిపోయిన రోజున, ఊరుకాని ఊళ్లో ఉన్న డాక్టరుకు ఈ వివరాలే ఆధారం.

దారి ఎలా ఉంటుంది, అందులో ఏమేం పెడతారు

రెప్పల లోపలి అంచున, ముక్కు వైపు, పైన ఒకటి కింద ఒకటి సూదిమొనంత రంధ్రాలుంటాయి. అక్కడి నుంచి సన్నని కాలువలు, ఒక్కొక్కటి దాదాపు 10 మి.మీ., కన్నీటి సంచిలోకి వెళ్తాయి. సంచి కింది నుంచి ఎముక మధ్యగా ఒక గొట్టం ముక్కులోకి దిగుతుంది. దిగువ గొట్టం మూసుకుపోతే సంచికీ ముక్కుకీ మధ్య ఎముకలో కొత్త దారి చేస్తారు. డీసీఆర్ ఆపరేషన్ అనేది ఇదే. ఆ దారి మూసుకుపోకుండా కొందరికి సిలికోన్ ట్యూబ్ వేస్తారు. పుట్టుకతో కన్నీటి గొట్టం తెరుచుకోని పిల్లలకు, దెబ్బ తగిలి కాలువ తెగినవాళ్లకు కూడా ఇదే వేస్తారు. ఇది తాత్కాలికం. డీసీఆర్ తర్వాత సాధారణంగా 4 నుంచి 12 వారాల్లో తీసేస్తారు. తెగిన కాలువను కుట్టినప్పుడు ఇంకొంత ఎక్కువ కాలం ఉంచుతారు.

పై కాలువలే పూర్తిగా పాడైతే సిలికోన్ పనికిరాదు. అప్పుడు కంటి మూల నుంచి నేరుగా ముక్కులోకి దారి చేసి జోన్స్ ట్యూబ్ అనే చిన్న గాజు గొట్టం పెడతారు. అమెరికా కంటి డాక్టరు లెస్టర్ జోన్స్ 1960ల తొలినాళ్లలో ప్రవేశపెట్టిన పైరెక్స్ గాజు ట్యూబే మార్పులు చేర్పులతో ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇది జీవితాంతం ఉండాల్సిన వస్తువు, జీవితాంతం కనిపెట్టుకుని ఉండాల్సిన వస్తువు కూడా.

ఇక మూడోది ప్లగ్. కన్ను పొడిబారినవాళ్లకు ఉన్న తడి నిలవాలని కన్నీటి రంధ్రానికి పెట్టే బిరడా ఇది. రంధ్రం మీద టోపీలా కనిపించే రకం ఒకటి, కాలువ లోపలికి దిగి పైకి కనిపించని రకం ఇంకొకటి. ఆలస్యంగా వచ్చే ఇన్ఫెక్షన్ల విషయంలో ఈ రెండోదాన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి.

ఇంట్లో చూసుకునే పద్ధతి

వారానికి ఒకసారి చాలు. చేతులు సబ్బుతో కడుక్కుని, పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర అద్దం ముందు నిలబడండి. కింది రెప్పను వేలితో కొద్దిగా కిందికి, చెంప వైపుకు లాగి ముక్కు పక్క మూలను చూడండి. సిలికోన్ ట్యూబ్ అయితే పై రంధ్రం నుంచి కింది రంధ్రానికి వెళ్లే పారదర్శకమైన సన్నటి దారం కనిపిస్తుంది. అది మూలకు అంటుకుని ఉండాలి కానీ నల్లగుడ్డు మీదికి రాకూడదు. జోన్స్ ట్యూబ్ అయితే గాజు అంచు గుండ్రంగా, మూలలో ఒదిగి కనిపించాలి. ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి పాతదానితో పోల్చండి. అంచు కొంచెం పైకి లేచిందా, లోపలికి కుంగిందా అన్నది అద్దంలో కంటే ఫొటోల్లో ముందు తెలుస్తుంది. ఏమైనా మారిందనిపిస్తే ఆ రెండు ఫొటోలూ డాక్టరుకు చూపించండి.

సిలికోన్ ట్యూబ్‌తో వచ్చేవి

అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది ట్యూబ్ బయటికి జారడం. తుమ్మినప్పుడో, నిద్రలో కన్ను నలిపినప్పుడో, పిల్లలు వేలితో లాగినప్పుడో మూలలోని దారం ఉచ్చులా సాగి చెంప మీదికి వేలాడుతుంది. చూడ్డానికి భయంగా ఉన్నా ప్రాణాపాయం లేదు. అయితే రెండు పనులు మాత్రం చేయకండి: కత్తిరించడం, లాగడం. కత్తిరిస్తే తెగిన కొస లోపలికి జారిపోయి డాక్టరుకు పట్టు దొరకదు. ముక్కులోకి జారిన ముక్క గొంతులోకి, చిన్నపిల్లల్లో ఊపిరితిత్తుల్లోకి కూడా పోవచ్చు. లాగితే కాలువ గోడ చిరుగుతుంది. వేలాడుతున్న ఉచ్చును కంటికి తగలకుండా ముక్కు పక్కన మైక్రోపోర్ టేపుతో అంటించి, అదే రోజు లేదా మర్నాడు ఆస్పత్రికి వెళ్లండి. వేసి ఎక్కువ రోజులు కాకపోతే ముక్కులోంచి సర్దుతారు. తీసే గడువు దగ్గరపడితే తీసేస్తారు. నల్లగుడ్డుకు రాసుకుని నొప్పి, వెలుతురు చూడలేకపోవడం మొదలైతే మర్నాటిదాకా ఆగకండి.

రెండోది రంధ్రం చీలడం. ట్యూబ్ రెండు కొసలను కలిపి ముక్కులో వేసే ముడి మరీ బిగుతుగా పడితే అది రోజురోజుకూ రంధ్రం అంచును కోసుకుంటూ ముక్కు వైపు జరుగుతుంది. గుండ్రని రంధ్రం కాస్తా సన్నటి చీలిక అవుతుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. చిన్న చీలికతో నష్టం తక్కువే. పెరుగుతూ పోతే కన్నీటిని లోపలికి లాక్కునే పని దెబ్బతిని, దారి తెరిచే ఉన్నా కన్ను కారుతూనే ఉంటుంది. వారం వారం తీసే ఫొటోలు ఇక్కడ బాగా ఉపయోగపడతాయి.

మూడోది కండ పెరగడం. రంధ్రం దగ్గర ఎర్రగా, మెత్తగా, తాకితే రక్తం వచ్చే చిన్న బుడిపె కనిపిస్తుంది. ట్యూబ్ రాపిడికి ఒంట్లో పుట్టిన స్పందన అది, క్యాన్సర్ కాదు. చాలాసార్లు ట్యూబ్ తీయగానే కరిగిపోతుంది. కొన్నాళ్లు స్టెరాయిడ్ చుక్కలు రాయవచ్చు. అవి డాక్టరు చెప్పిన రోజుల వరకే వాడండి. పాత చీటీ చూపించి నెలల తరబడి కొని వేసుకుంటే కంటి ప్రెషర్ పెరిగి, చూపు నరం దెబ్బతినే గ్లకోమా రావచ్చు, శుక్లం కూడా రావచ్చు.

ఒకే రెప్పలో వేసే చిన్న ట్యూబ్‌కు పైన ప్లగ్ లాంటి టోపీ ఉంటుంది. అది కనిపించకపోతే "ఊడిపోయి ఉంటుంది" అని వదిలేయొద్దు. ఊడి పడిందా, లోపలికి దిగిందా అన్నది పరీక్ష చేసే తేల్చాలి. లోపలికి దిగిన ముక్క కాలువలో ఉండిపోతే నెలల తర్వాత చీము కట్టిస్తుంది.

తీసే తేదీ దాటిపోవడం వల్ల వచ్చేవి వేరే. ఊరు మారారు, డాక్టరు మారారు, కన్ను బాగానే ఉంది కదా అనుకున్నారు. సిలికోన్ మీద క్రిములు జిగట పొర కట్టుకుని ఉంటాయి. చుక్కల మందు ఆ పొరలోపలికి సరిగ్గా పోదు. మందు వేసినన్నాళ్లు తగ్గి, ఆపగానే మళ్లీ పుసులు మొదలయ్యాయంటే లోపలి వస్తువునే అనుమానించాలి. ముక్కులో అదే వైపు పెచ్చులు, చెడు వాసన, అప్పుడప్పుడు రక్తపు చారలు కూడా రావచ్చు.

తీసేటప్పుడు పెద్దవాళ్లకు మత్తు అక్కర్లేదు. కంట్లో చుక్కల మందు, ముక్కులో స్ప్రే వేసి, మూలలోని ఉచ్చును కత్తిరించి, ఎండోస్కోపుతో, అంటే సన్నని కెమెరా గొట్టంతో, చూస్తూ ముక్కులోంచి పట్టుకారుతో లాగుతారు. కొన్ని నిమిషాల పని. పిల్లలకు మత్తు అవసరం పడవచ్చు. తీసినదాన్ని చూపించమని, మొత్తం వచ్చిందో లేదో కాగితం మీద రాయమని అడగండి. అడగడంలో మొహమాటం వద్దు, మిగిలిపోయిన ముక్కతో బాధపడేది మీరే.

ప్లగ్ వేసిన సంగతి మరిచిపోయినవాళ్లకు

ముక్కు వైపు రెప్ప అంచు ఉబ్బుతుంది. కన్నీటి రంధ్రం నోరు తెరిచినట్టు ఎర్రగా పొంగి ఉంటుంది. వేలితో రెప్పను నొక్కితే పెరుగు లాంటి చీము, ఒక్కోసారి పసుపు రంగు రవ్వ గింజలు వస్తాయి. ఒక కంటికే ఉంటుంది, నెలల తరబడి ఉంటుంది. ఇది కాలువ ఇన్ఫెక్షన్. కండ్ల కలక అనుకుని ఎన్ని యాంటీబయాటిక్ చుక్కలు మార్చినా తగ్గదు. లోపలికి దిగే రకం ప్లగ్ వేసిన చాలా ఏళ్లకు కూడా ఇది రావచ్చు. అప్పటికి ప్లగ్ సంగతి అటు రోగికీ గుర్తుండదు, ఇటు కొత్త డాక్టరుకూ తెలియదు. పొడికంటికి ఎప్పుడైనా ఏదైనా పెట్టించుకున్నారా అని ఇంట్లో పెద్దవాళ్లను ఓసారి అడిగి చూడండి.

ఇలాంటప్పుడు కాలువను కడిగి ప్లగ్‌ను కిందికి నెట్టే ప్రయత్నం కొన్నిసార్లు ఎదురు తిరుగుతుంది. అది సంచిలోకి జారి అక్కడ ఇన్ఫెక్షన్ తెస్తుంది. కాలువను చిన్నగా కోసి ప్లగ్‌నూ గింజలనూ బయటికి తీయడమే అసలు వైద్యం. తీసిన పదార్థాన్ని కల్చర్‌కు, అంటే ఏ క్రిమో తేల్చే ల్యాబ్ పరీక్షకు, పంపమని అడగండి.

జోన్స్ ట్యూబ్: రోజూ చేసే పని, చెడితే చేసే పని

ఈ గాజు ట్యూబ్ రోజూ శుభ్రం చేసుకుంటేనే పనిచేస్తుంది. పొద్దున, రాత్రి కంటి మూలలో రెండు మూడు చుక్కల కృత్రిమ కన్నీరు గానీ, మెడికల్ షాపులో దొరికే స్టెరైల్ సెలైన్ గానీ వేయండి. నోరు మూసి, రెండు ముక్కు పుటాలను వేళ్లతో పట్టుకుని, గాలి లోపలికి పీల్చబోయినట్టు ఒక్కసారి గట్టిగా లాగండి. చుక్క గుటుక్కున ముక్కులోకి పోవాలి. వెనుక గొంతులో తడి తగిలితే దారి బాగున్నట్టే. కుళాయి నీళ్లలో ఉప్పు కలిపి కంట్లో పోయకండి. ఇంకో మాట, కాటుక, సుర్మా ఉన్న కంట్లో ఈ ట్యూబ్ ఎక్కువ కాలం శుభ్రంగా ఉండదు. మసి జిడ్డుతో కలిసి సన్నని రంధ్రాన్ని పూడుస్తుంది.

తుమ్ము వచ్చినా, దగ్గు వచ్చినా, ముక్కు చీదాల్సి వచ్చినా ముందు కన్ను మూసి, ముక్కు పక్క మూలను చూపుడు వేలితో గట్టిగా అదిమి పట్టండి. ట్యూబ్ బయటికి ఎగిరిపోవడానికి మొదటి కారణం ఈ గాలి దెబ్బే. ఇది కొన్ని నెలల జాగ్రత్త కాదు, ట్యూబ్ ఉన్నన్నాళ్లూ అలవాటుగా ఉండాలి. జలుబు చేసిన వారం మరీ జాగ్రత్త.

చుక్క పోకపోతే మూడు కారణాలు చూడాలి. రంధ్రంలో జిగురు గడ్డకట్టి ఉండవచ్చు. పైన చెప్పిన పద్ధతి మూడు నాలుగుసార్లు చేస్తే చాలాసార్లు వీడిపోతుంది. వీడకపోతే డాక్టరు సెలైన్‌తో కడిగి, సన్నని తీగతో శుభ్రం చేస్తారు. రెండో కారణం, తెల్లగుడ్డు మీది పలుచని పొర ముడతపడి ట్యూబ్ మూతి మీద పడుతుండవచ్చు. అప్పుడు ఒక వైపుకు చూసినప్పుడు నీరు పోతుంది, ఇంకో వైపుకు చూస్తే పోదు. మూడోది, ముక్కులోపలి కొస పక్క గోడకో కండకో ఆనుకుని ఉండవచ్చు. ఇది ముక్కులో ఎండోస్కోపు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ట్యూబ్ పొడవు మార్చడమో, అడ్డొస్తున్న కండను సరిచేయడమో చేస్తారు. ఎలర్జీ ఉన్నవాళ్లకు ముక్కులోపల వాచి ఇలా కావడం మామూలే. ఎలర్జీకి మందు వాడితే ట్యూబ్ కూడా దానంతట అదే పనిచేయడం మొదలుపెట్టవచ్చు.

ట్యూబ్ పూర్తిగా ఊడి చేతికొస్తే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే. లోపలి దారి చాలా వేగంగా ముడుచుకుపోతుంది. వెంటనే వెళ్తే అదే దారిని కొద్దిగా వెడల్పు చేసి, మందు చుక్కలు గానీ చిన్న ఇంజెక్షన్ గానీ ఇచ్చి తిరిగి పెట్టగలరు. వారం పది రోజులు ఆగితే మళ్లీ ఆపరేషన్ గది ఎక్కాల్సి రావచ్చు. ఊడిన ట్యూబ్‌ను పారేయకండి. సెలైన్ పోసిన శుభ్రమైన చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్లండి. కొత్తది ఏ పొడవుది కావాలో దాన్ని కొలిచి చూస్తారు. మీ అంతట మీరు లోపలికి దోపబోకండి, గాజు కొస తప్పుదారి పడితే కొత్త గాయం అవుతుంది.

దీనికి తిరగబడినది, లోపలికి కుంగడం. మూలలో అంచు కనిపించదు, నీరు కారుతుంది, ట్యూబ్ ఎక్కడా దొరకదు. ఊడిపోయిందని అనుకునే ముందు ముక్కు ఎండోస్కోపు చేయించుకోండి. పై పొర కప్పేసి ట్యూబ్ కిందనే ఉండడం తరచుగా జరిగేదే. అలా ఉంటే తీసి, ఇంకాస్త వెడల్పు అంచున్న ట్యూబ్ పెట్టడం ఒక దారి. జారకుండా లోపలి కొసన సిలికోన్ రెక్క ఉన్నవి, పైన గరుకు పూత వేసినవి కూడా ఉన్నాయి. గరుకువి గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి మార్చాల్సి వస్తే తీయడమూ కష్టమే. రెండు మూడుసార్లు ఊడినవాళ్లకు ఈ మాట డాక్టరుతో మాట్లాడడం మంచిది.

పక్కకు చూసినప్పుడు ఒకటి రెండుగా కనిపించడం మొదలైతే ట్యూబ్ చుట్టూ మచ్చ కట్టి కనుగుడ్డును పట్టేస్తోందని అనుమానం. ముఖానికి దెబ్బ తగిలి గాజు పగిలిందనిపిస్తే కన్ను నలపకుండా, కడగకుండా, పైన గట్టి కప్పు లాంటిది అడ్డుపెట్టి వెంటనే వెళ్లండి. ఏ ఇబ్బందీ లేకపోయినా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూపించుకుని కడిగించుకోవాలి.

ట్యూబ్ తీశాక మళ్లీ నీరు కారితే

డీసీఆర్ దారి మచ్చకట్టి మూసుకుపోవడం ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లోనే జరుగుతుంది. అయితే కారే ప్రతి కన్నూ మూసుకుపోయినదే కాదు. కన్ను పొడిబారినా నీరు కారుతుంది, రెప్ప వదులైనా, వెంట్రుక గుచ్చుకున్నా కారుతుంది. కాబట్టి రెండో ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు సిరింజింగ్ (కన్నీటి రంధ్రంలోంచి నీళ్లు పంపి దారి చూసే పరీక్ష), ముక్కు ఎండోస్కోపు రెండూ జరగాలి. కంట్లో పసుపుపచ్చ రంగు చుక్క వేసి, అది ముక్కులోని కొత్త ద్వారం దగ్గర కనిపిస్తోందో లేదో చూసే పరీక్ష చాలా సమాచారం ఇస్తుంది.

సిరింజింగ్‌లో నీళ్లు శుభ్రంగా గొంతులోకి వచ్చినా, మూలలో నొక్కితే జిగురు వస్తోందంటే ఒక ప్రత్యేక కారణం ఉండవచ్చు. కొత్త ద్వారం కాస్త పైన పడి, సంచి అడుగు భాగం గుంటలా మిగిలి అందులో జిగురు నిలుస్తుంది. మందులతో ఇది పోదు, ద్వారాన్ని కిందిదాకా తెరవాలి. దారి బాగానే ఉంది, ఇక చేసేదేమీ లేదు అని ఎవరైనా చెబితే ఈ సంగతి అడగండి. ఇలాంటి తిరగబెట్టిన కేసులకు మామూలు కంటి డాక్టరు కంటే ఆక్యులోప్లాస్టీ (రెప్పలు, కన్నీటి దారి ఆపరేషన్ల) డాక్టరు లేదా కన్నీటి దారి మీదే పనిచేసేవారు మేలు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో దీనికోసమే ప్రత్యేక విభాగం ఉంది.

ఆగకూడని లక్షణాలు

కంటి మూల కింద ఎర్రగా, తాకనివ్వనంత నొప్పితో గడ్డ లేచి జ్వరం వస్తే సంచిలో చీము పట్టినట్టు. పిండకండి, సూదితో గుచ్చకండి, వేప పసరు, ఆముదం లాంటివి పెట్టకండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. రెప్పలు మూసుకుపోయేంత వాపు, కన్ను ముందుకు పొడుచుకు రావడం, కదిపితే నొప్పి, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి అయినా సరే అత్యవసర విభాగానికే. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా వేగంగా ముదురుతుంది. ఆపరేషన్ జరిగిన కొన్ని వారాలకు మొదలై, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగకుండా గడ్డలు గడ్డలుగా వస్తుంటే టీబీ జాతికి దగ్గరి క్రిములు కారణం కావచ్చు. వాటికి ప్రత్యేక కల్చర్ అడగాలి, మందులు కూడా వేరు.

వేరే డాక్టర్లకు చెప్పాల్సినవి

నిద్రలో గురక, ఊపిరి ఆగడం వంటి వాటికి సీపాప్ యంత్రం (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపేది) వాడేవాళ్లకు, జోన్స్ ట్యూబ్ ఉన్నా డీసీఆర్ జరిగినా, గాలి ముక్కులోంచి కంట్లోకి ఎదురుకొట్టవచ్చు. పొద్దున లేచేసరికి కన్ను ఎండిపోయి ఎర్రగా ఉంటుంది. యంత్రం ఆపేయకండి. మాస్కు రకమో ప్రెషరో మార్చే వీలుందేమో దాన్ని రాసిన డాక్టరును అడిగి, రాత్రి పడుకునే ముందు కంటికి జెల్ వాడండి. ఎంఆర్ఐకి గాజు, సిలికోన్ అడ్డు కావు, అయినా స్కాన్ ముందు చెప్పండి. ముక్కు ఆపరేషన్ చేయబోయే ఈఎన్‌టీ డాక్టరుకు, మత్తు ఇచ్చే డాక్టరుకు ఏ వైపు ట్యూబ్ ఉందో తప్పకుండా చెప్పాలి. ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తే వీలైనంతవరకు రెండో వైపు నుంచి వేస్తారు. స్పృహలో లేని మనిషిని ఆస్పత్రిలో చేరిస్తే ఆ మాట చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే.